ఎర్ర నేలలో వానాధారంగా వేరుశనగ పండించడం ఎలా?

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని పాకాల, పూతలపట్టు, ఐరాల వైపు ఎర్ర గరప నేలల్లో వానను నమ్ముకుని వేసే పంట అంటే ముందు గుర్తొచ్చేది చెనక్కాయే, అంటే వేరుశనగే. ఇది భూమిలో కాసే కాయ. పైన చెట్టు ఎంత పచ్చగా ఉన్నా దిగుబడి తేలేది మట్టి లోపలే. అందుకే ఎరువు ఎన్ని మూటలు వేశామన్న దానికంటే ఏ పని ఏ అదునులో చేశామన్నదే ముఖ్యం. కొత్తగా సేద్యంలోకి దిగేవాళ్ల కోసం ఆ వరుసలోనే చెబుతాను.

వేసవి దుక్కి

ఎండాకాలంలో వాన పడగానే ఓసారి లోతుగా దున్నండి. ఎర్ర గొంగళి పురుగు కోశాలు పైకి తేలి ఎండకు చస్తాయి, పక్షులు కూడా ఏరుకు తింటాయి. వాన నీళ్లు బయటికి పారకుండా భూమిలోకి ఇంకుతాయి. ఎకరాకు నాలుగు టన్నుల చివికిన పశువుల ఎరువు దొరికితే ఆఖరి దుక్కిలో కలపండి.

విత్తనం

మన వైపు వానాధారానికి కదిరి-6, తిరుపతి పరిశోధనా స్థానం నుంచి వచ్చిన ధరణి రకాలు బాగా సరిపోతాయి. ధరణి బెట్టను తట్టుకుంటుంది. శ్రీకాళహస్తి ప్రాంతంలో మట్టిలో ఉండే నులిపురుగుల వల్ల కాయ మీద నల్లమచ్చలు పడి, కాయ చిన్నదైపోయే తెగులు ఉంది. దానికి కాళహస్తి తెగులనే పేరు. అలాంటి చేనుకు రకం ఎంచుకునే ముందు రైతు సేవా కేంద్రంలో అడగండి.

విత్తనాన్ని కాయలుగానే దాచుకుని, విత్తే ముందు ఒలుచుకోవాలి. పైపొర చిరిగినవి, బద్దలైనవి, నొక్కులు పడినవి ఏరేయండి. తడిపిన గోనెసంచి మీద 100 గింజలు వరుసగా పేర్చి చుట్టి, ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ ఉండండి. వారం లోపల కనీసం 70 గింజలు మొలవాలి. అంతకంటే తగ్గితే ఆ విత్తనాన్ని నమ్ముకోవద్దు. గింజ సైజును బట్టి ఎకరాకు 60 నుంచి 80 కిలోల దాకా పడుతుంది. అంత ఖర్చు మట్టిలో పోసే ముందు గోనెసంచి పరీక్షకు వారం కేటాయించడం ఎక్కువేమీ కాదు.

కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ అనే తెగుళ్ల మందు పట్టించి నీడన ఆరబెట్టండి. ఎకరం విత్తనానికి 200 గ్రాముల రైజోబియం (వేళ్లకు నత్రజని అందించే మేలు చేసే బ్యాక్టీరియా పొడి) మాత్రం చివర్లో, విత్తబోయే ముందు కలపాలి.

విత్తడం

జూలై పదును వదులుకోవద్దు. పిడికెడు మట్టి తీసి నొక్కితే ముద్ద కట్టాలి, కింద వదిలితే విడిపోవాలి. అదీ పదునంటే. పైపైన తడిసిందని తొందరపడి విత్తితే మొలక సగంలో ఆగిపోతుంది. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 ఉండాలి. గింజ 5 సెంటీమీటర్ల లోతులో పడితే చాలు.

ఏడు సాళ్లకొక సాలు కంది వేసుకోండి. వాన మొహం చాటేసిన ఏడాది ఇంటికి కందిపప్పైనా మిగులుతుంది. చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేస్తే తామరపురుగుల రాక తగ్గుతుంది. గట్ల మీద వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయండి. కాండం కుళ్లు వైరస్ ఆ కలుపు మొక్క మీద బతికి, తామరపురుగుల ద్వారా చేలోకి వస్తుంది.

ఎరువులు మామూలుగా ఎకరాకు 100 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 18 కిలోల యూరియా, 33 కిలోల పొటాష్. మట్టి పరీక్ష కార్డు ఉంటే దాని ప్రకారం మార్చుకోండి.

పూత, ఊడలు

మొత్తం పంటకు ఇదే కీలకం. పసుపు పూలు వాడిపోయాక కింది కణుపుల నుంచి ఊదారంగు ఊడలు సూదుల్లా దిగుతాయి. మట్టిలో దూరాక ఊడ కొన అడ్డంగా తిరిగి కాయగా ఊరుతుంది. కాయకు కావలసిన కాల్షియం వేళ్ల నుంచి పెద్దగా రాదు, కాయే నేరుగా చుట్టూ ఉన్న మట్టి నుంచి పీల్చుకోవాలి. ఆ మట్టిలో కాల్షియం లేకపోతే పప్పు పట్టక తాలుకాయలే మిగులుతాయి. అందుకే పూత దశలో, పదునున్నప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం మొక్కల మొదళ్ల దగ్గర, సాళ్ల వెంట వేసి మట్టి ఎగదోయాలి. దుక్కిలోనే చల్లేస్తే ఈ ఫలితం రాదు.

కలుపు తీత, గుంటక తోలడం 45 రోజుల లోపలే ముగించండి. ఆ తర్వాత చేను కదిలిస్తే ఊడలు తెగుతాయి. కలుపు కనిపించినా చేత్తో పీకడమే. ఊడలు దిగే రోజుల్లో బెట్ట వస్తే నీటి కుంట నుంచి ఒక్క తడి స్ప్రింక్లర్లతో ఇవ్వగలిగినా పంట నిలబడుతుంది.

పీకడం, ఎండబెట్టడం

రోజులు లెక్కేసి పీకొద్దు. 100 రోజులు దాటుతుంటే చేలో అక్కడక్కడా మొక్కలు పీకి కాయలు విప్పి చూడండి. డొప్ప లోపల తెల్లగా ఉంటే ఇంకా లేతే. డొప్ప లోపల నల్లగా, గోధుమ రంగుగా మారిన కాయలు నాలుగింట మూడు వంతులుంటే పీకొచ్చు. ఆలస్యం చేస్తే గుత్తి రకాలు (తీగ సాగకుండా గుబురుగా పెరిగేవి) వానకు చేలోనే మొలకెత్తుతాయి.

పీకిన చెట్లను కాయలు పైకి ఉండేలా తిప్పి ఆరబెట్టండి. ఊపితే లోపల గింజ గలగలమనాలి. తేమ 9 శాతం దాటిన కాయల్ని మూటలు కడితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. బూజు పట్టిన కాయల్ని నూనెకు ఆడించొద్దు, పశువులకూ పెట్టొద్దు. మూటల్ని నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చండి.