శీర్షాలు లెక్క తప్పకుండా: గది మూల నుంచి గోపురం దాకా

గది మూలలో నిలబడి పైకి చూడండి. రెండు గోడలు కలిసే చోట ఒక నిలువు గీత ఉంది. ఆ గీతను స్లాబు తాకిన చోట ఒక బిందువు వచ్చింది. రెండు తలాలు కలిస్తే గీత, ఆ గీతను మూడో తలం ఖండిస్తే బిందువు. ఘనాకృతుల్లో ఆ గీతే అంచు, ఆ బిందువే శీర్షం. అలాగని మూడు తలాలుంటే బిందువు వచ్చి తీరాలనేం లేదు. తెరిచిన నోటుబుక్కు పేజీలన్నీ కుట్టు దగ్గర ఒకే గీతలో కలుస్తాయి.

ఎదురు గోడ కింది అంచు, పక్క గోడ పై అంచు చూడండి. అవి సమాంతరం కావు, ఎంత పొడిగించినా కలవవు కూడా. చిక్కంతా ఇక్కడే. ఘనాన్ని వెనక అంచులతో సహా కాగితం మీద గీస్తే ఇలాంటి గీతలు రెండుచోట్ల ఒకదాన్నొకటి దాటినట్టు కనిపిస్తాయి. పిల్లలు అక్కడా చుక్కలు పెట్టి శీర్షాలు 10 అంటారు. అందుకే బొమ్మ కంటే ముందు నమూనా చేయించాలి.

కొబ్బరి ఈనెలు 10 సెం.మీ. ముక్కలు 12, గోలీకంటే కాస్త పెద్ద బంకమట్టి ఉండలు 8 చాలు. ఈనె మొన ఉండ నడిమధ్యకు చేరేదాకా గుచ్చాలి. ఒకటి లోతుగా, ఇంకొకటి పైపైన దిగితే అంచుల పొడవు మారి ఘనం వంకరపోతుంది. నీడలోనే ఆరనివ్వండి, తిరుపతి ఎండలో పెడితే ఉండలు పగులుతాయి.

ఆరాక కూడా ఘనం ఊగుతూనే ఉంటుంది, ఎందుకంటే చతురస్రం తనంతట తాను నిలవదు. త్రిభుజం నిలుస్తుంది. 14.1 సెం.మీ. ఈనెలు 6 తీసుకుని ముఖానికొక (అంటే ఒక్కో చతురస్రపు పక్కకొక) కర్ణం చొప్పున, ఎదురెదురు మూలల్ని కలుపుతూ బిగించండి. ఒక ఉండ నుంచి మొదలుపెట్టి, దానికి కర్ణంతో కలిసే ఉండలనే వాడితే, 8 ఉండల్లో 4 మాత్రమే పనికొస్తాయి. ఆ 6 కర్ణాలూ కలిసి ఘనం లోపల క్రమ చతుర్ముఖి, అంటే నాలుగు సమబాహు త్రిభుజాల ఆకృతి, అవుతాయి. దీన్ని బొమ్మలో ఎంత చెప్పినా పిల్లలకి పట్టదు, చేతికిస్తే క్షణంలో పట్టేస్తారు.

కర్ణాలు పక్కనపెట్టి ఇప్పుడు లెక్క. ఒక్కో ఉండకు 3 అంచులు, 8 ఉండలకు 24. ప్రతి అంచుకూ రెండు కొసలు కాబట్టి సగం చేస్తే 12. చతురస్ర పిరమిడ్‌కు కొన దగ్గర 4, అడుగున నాలుగు మూలల్లో 3 చొప్పున 12, మొత్తం 16, అంచులు 8. ఆ తర్వాత ఆయిలర్ సూత్రంతో సరిచూడండి: శీర్షాలు + ముఖాలు = అంచులు + 2. పిరమిడ్‌కు 5 + 5 = 8 + 2. స్థూపానికి (సిలిండర్‌కు) ఇది వాడొద్దు, అది బహుముఖి కాదు, అంటే దాని ముఖాలన్నీ చదునైన బహుభుజులు కావు.

శీర్షం దగ్గర కలిసే ముఖాల కోణాల మొత్తం 360 డిగ్రీలకు తక్కువ ఉంటేనే మొన లేస్తుంది. సమబాహు త్రిభుజాలు 5 అయితే 300, సరిపోతుంది. ఆరోది చేరిస్తే చార్టు చదునుగా పడుకుంటుంది.

ఇక గోవిందరాజస్వామి గుడి రాజగోపురం. శిల్పాలు, కలశాలు వదిలేసి ఒట్టి ఆకారం చూస్తే అడుగున పెద్ద దీర్ఘచతురస్రం, పైన చిన్నది: శీర్షాలు 8, అంచులు 12, ముఖాలు 6. దీన్ని చూడగానే కొన నరికిన పిరమిడ్ అనేస్తారు. అన్నిసార్లూ కాదు. చార్టుతో చేసే నమూనాలో అడుగు 12×8, పైన 6×4 సెం.మీ. అయితే వాలు అంచులు నాలుగూ పైకి పొడిగిస్తే ఒకే బిందువులో కలుస్తాయి, ఎందుకంటే రెండు కొలతలూ సరిగ్గా సగమయ్యాయి. పైన 6×2 పెడితే వెడల్పు ముందే అయిపోతుంది, పొడవు ఇంకా 4 సెం.మీ. మిగులుతుంది. అప్పుడు కలిసేది బిందువులో కాదు, పూరిల్లు నడికొప్పులా ఒక గీత మీద. ఆ పూర్తి ఆకారానికి శీర్షాలు 6, ముఖాలు 5, అంచులు 9.