శనివారం కాలేజీ మ్యాచ్, ఆదివారం ఎన్ఎఫ్ఎల్ మ్యాచ్: మైదానం మధ్యలో గడ్డి ఎందుకు పోతోంది, ఏం చేయాలి

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్, ఎన్ఎఫ్ఎల్ అంటే దాని ప్రొఫెషనల్ లీగ్. పిట్స్‌బర్గ్‌లో ఎన్ఎఫ్ఎల్ జట్టు స్టీలర్స్, పిట్ యూనివర్సిటీ జట్టు 2001 నుంచి ఒకే స్టేడియంలో ఆడుతున్నాయి. అప్పుడు దాని పేరు హైన్జ్ ఫీల్డ్, 2022 నుంచి అక్రిషర్ స్టేడియం. మయామీలో డాల్ఫిన్స్‌కీ అక్కడి యూనివర్సిటీ జట్టుకీ ఇలాగే ఒకటే మైదానం. రెండు చోట్లా అసలు గడ్డే. నవంబర్ వచ్చేసరికి టీవీలో చూసే ప్రతివాడూ "గడ్డి బాగాలేదు" అంటాడు కానీ, తప్పు చాలావరకు గడ్డిది కాదు, దాని కిందున్న నేలదీ మ్యాచ్‌ల క్యాలెండర్‌దీ.

అంచుల్లో పచ్చగా ఉంది, నడుమ మాత్రం బట్టతల

ముందు గీతలు చూడండి. మైదానం నడుమ పొడవునా రెండు వరసల్లో చిన్న గీతలుంటాయి, వాటినే హ్యాష్ మార్కులంటారు. బంతితో ప్రతి ఎత్తూ మొదలయ్యేది ఆ రెండు వరసల మీదో, వాటి మధ్యలోనో. కాలేజీ ఆటలో ఆ రెండింటి మధ్య దూరం 40 అడుగులు, ఎన్ఎఫ్ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. అంటే ప్రొఫెషనల్ మ్యాచ్‌లో ముందు వరసలో నిలబడే 130 కిలోలు దాటిన లైన్‌మెన్ ఒకరినొకరు తోసుకుంటూ కాళ్లు నేలలోకి దిగేసేదంతా ఆ సన్నటి పట్టీలోనే. కాలేజీ వాళ్లు కాస్త వెడల్పుగా తొక్కుతారు గానీ నడుమ భాగాన్ని వాళ్లూ వదలరు. పిట్స్‌బర్గ్‌లో వేసే కెంటకీ బ్లూగ్రాస్ భూమి లోపల కాండాలు పాకించి తనంతట తనే ఖాళీలు పూడ్చుకునే రకం, కాకపోతే నేల చల్లబడ్డాక ఆ పాకడం దాదాపు ఆగిపోతుంది. సెప్టెంబర్‌లో పడ్డ దెబ్బ మానుతుంది, నవంబర్‌లో పడ్డది అలాగే ఉండిపోతుంది.

చేయాల్సింది: మ్యాచ్ లేని రోజు ఆ పట్టీ మీద ఎవరినీ అడుగు పెట్టనివ్వకండి. బ్యాండు రిహార్సల్, ముందురోజు జట్టు నడక, స్పాన్సర్ల ఫొటోలు, ఏదైనా సరే అంచులకు తోసేయండి (మొహమాటపడితే నష్టపోయేది మీరే). ఇక విత్తనం. బ్లూగ్రాస్ మొలవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, పెరెన్నియల్ రైగ్రాస్ అయితే వారంలో మొలుస్తుంది. అందుకే సీజన్ నడుస్తుండగా చల్లేది రైనే. ఇంకా తొందరైతే మన ఊళ్లలో వరి విత్తనం నానబెట్టి మండె కట్టినట్టే దీన్నీ రెండు మూడు రోజులు నానబెట్టి, నీళ్లు మారుస్తూ, తెల్లటి మొన కనిపించగానే ఇసుకలో కలిపి చల్లుతారు. మ్యాచ్‌కి ముందే చల్లితే ఆటగాళ్ల బూట్లే దాన్ని నేలలోకి తొక్కేస్తాయి, ఖర్చు లేని కూలీలన్నమాట.

కొత్త పచ్చిక పరిచాం, మొదటి మ్యాచ్‌కే చాపలా లేచిపోయింది

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. 2007 నవంబర్ 23, శుక్రవారం నాడు పిట్స్‌బర్గ్ స్టేడియంలో నాలుగు హైస్కూల్ ఫైనల్స్ జరిగాయి, శనివారం పిట్ మ్యాచ్. సోమవారం రాత్రి స్టీలర్స్, డాల్ఫిన్స్ ఆడాలి. మధ్యలో దొరికిన కాస్త టైంలో పాత మైదానం మీదే కొత్త పచ్చిక చుట్టలు పరిచేశారు. సోమవారం కుండపోత వాన. ఇంకేముంది, మైదానం దమ్ము చేసిన మడిలా తయారైంది. డాల్ఫిన్స్ పంట్ కొడితే (అంటే బంతిని చేతిలోంచి వదిలి కాలితో దూరంగా తన్నితే) బంతి ఎగిరిపడకుండా మొన కిందికి దిగి బురదలో నిలువునా గుచ్చుకుపోయింది, పాతిన గుంజలాగా! చివరి 17 సెకన్ల దాకా ఎవరికీ ఒక్క పాయింట్ లేదు, అప్పుడు ఒక ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని) స్టీలర్స్ 3-0తో గట్టెక్కారు.

కారణం రెండు ముక్కల్లో: కొత్త పచ్చిక వేళ్లు కిందికి దిగడానికి వారాలు కావాలి, అప్పటిదాకా అది నేల మీద పెట్టిన తివాచీయే. పైగా పాతదాని మీద పరిస్తే రెండు పొరల మధ్య నీరు ఆగిపోతుంది.

పరిచే ముందు పాతదాన్ని పూర్తిగా చెక్కేయండి. ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల మందం ఉన్న చుట్టలే తీసుకోండి, వేళ్లు దిగకపోయినా వాటి బరువే వాటిని కదలనివ్వదు. కింద ఇసుక నేల ఉంటే ఇసుకలోనే పెంచిన పచ్చిక తెప్పించాలి, బంకమట్టితో వచ్చిందైతే లారీ నుంచి దించనివ్వొద్దు. మూల పట్టుకుని చేత్తో లాగి చూడండి, సులువుగా లేచొస్తే ఆట పెట్టే స్థితి కాదని అర్థం. వీలైతే కాలేజీ జట్టు చివరి హోమ్ మ్యాచ్ అయ్యాకే పరిచే పని పెట్టుకోండి, ముందే పరిస్తే డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది.

వాన ఆగి గంటైనా నీళ్లు ఇంకలేదు, ఎండితే నేల రాయిలా ఉంది

ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ తీసుకుని అంచుల్లో గుచ్చండి, తర్వాత నడుమ గుచ్చండి. అంచుల్లో పిడి దాకా దిగి, నడుమ రెండు అంగుళాలకే ఆగిందా? నేల బిగుసుకుపోయింది, వేళ్లకు గాలి అందడం లేదు. ఎన్ఎఫ్ఎల్ వాళ్లు క్లెగ్ హ్యామర్ అనే 2.25 కిలోల బరువును నేల మీద పడేసి కొలుస్తారు, రీడింగ్ 100 దాటకూడదు. దాటితే కింద పడ్డ ఆటగాడి తలకు ప్రమాదం.

దీనికి మందు మట్టి బుడిపెలు పెరికే యంత్రంతో రంధ్రాలు చేసి, ఇసుక చల్లి, చాప లాగి రంధ్రాల్లోకి దింపడం. మ్యాచ్‌ల మధ్య వారం ఉంటే బుడిపెలు పెరకకుండా సన్నటి ఊచలతో గుచ్చితే చాలు. ఎగుడుదిగుళ్లు కనిపించాయని నేలలో తడి ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం రోలర్ ఎక్కించకండి, ఒక్క రోజు నున్నగా కనిపిస్తుంది, తర్వాత నెలంతా టెన్షన్.

లోగో ఉన్నచోటే గడ్డి చస్తోంది

శనివారం ఒక లోగో, ఆదివారం దాని మీద ఇంకోటి. రంగు పొరలు పేరుకుని ఆకుకు వెలుతురు అందదు. కడిగితే పోయే రంగు పలచగా కొట్టండి, లేదా ఆ సీజన్‌కి ఒక లోగో మానేయండి. మార్కెటింగ్ వాళ్లు అలుగుతారు, అలగనివ్వండి.

మయామీ లాంటి వెచ్చటి చోట

అక్కడ వేసేది బెర్ముడా, అంటే వినాయక చవితికి మనం పూజలో పెట్టే గరిక కుటుంబమే, సంకర రకం. తొక్కినా తట్టుకుంటుంది, త్వరగా పాకుతుంది. చలి తగిలితే మాత్రం ఎండుగడ్డి రంగుకు తిరిగి నిద్రపోతుంది. అది చావు కాదు, కంగారుపడి నీళ్లు, ఎరువు కుమ్మరించకండి. చలి ముదరక ముందే పైన రైగ్రాస్ చల్లుకుంటే సీజన్ గడుస్తుంది. వసంతంలో ఆ రైని తీసేయడం మరిచిపోతే అది గరికను నీడ కమ్మేస్తుంది.

శనివారం వానలో ఆడారు, ఆదివారం మధ్యాహ్నం మళ్లీ మ్యాచ్

ఆ రాత్రే పని మొదలుపెట్టాలి. ముందు లేచిన పెళ్లల్ని వెనక్కి తిప్పి కాలితో అదమండి, వేళ్లు ఎండకముందే. గుంతల్లో ఇసుక, మొలక విత్తనం కలిపి నింపండి. నీళ్లు నిలిచిన చోట తోయకుండా పీల్చే రోలర్ వాడండి. ఇంకా వాన ఉంటే టార్పాలిన్ కప్పండి, ఆగగానే తీసేయండి, కింద ఉక్కపోతకి బూజు పడుతుంది. గీతలు అన్నిటికన్నా చివర, తెల్లారాక.