ముక్కు కడుక్కునే ముందు చూసుకోవాల్సినవి

సైనస్ వాపు 12 వారాలు దాటినా వదలకపోతే దీర్ఘకాలికం కింద లెక్క. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోమని ఈఎన్‌టీ డాక్టర్లు ఇలాంటివాళ్లకి చెబుతుంటారు. చీమకుర్తి గ్రానైట్ దుమ్ములో పనిచేసేవాళ్లకి కూడా పనికొస్తుంది, కాకపోతే వాళ్లకి ముందు మాస్కు కావాలి.

• నీళ్లు: అసలు జాగ్రత్తంతా ఇక్కడే. కనిగిరి వైపు ఫ్లోరైడ్ భయంతో చాలామంది క్యాను నీళ్లే తాగుతారు. తాగేవే కదా అని ముక్కులో పోయకండి. బోరువైనా, కుళాయివైనా, క్యానువైనా బాగా తెర్లాక ఇంకో నిమిషం మరిగించి, మూతపెట్టి, గోరువెచ్చగా చల్లారనివ్వండి. కాచని నీళ్లలో నేగ్లేరియా అనే అమీబా ఉంటే ముక్కు గుండా మెదడుకెక్కుతుంది. చాలా అరుదు, సోకితే మాత్రం బతకడం కష్టం. అవే నీళ్లు తాగితే ఆ జబ్బు రాదు.

• ఉప్పు: 240 మి.లీ. నీళ్లకి అర టీస్పూను, చిటికెడు వంటసోడా. అయోడిన్ కలపని ఉప్పు కావాలి. ఇసకపల్లి కల్లుప్పు ఆవకాయకి పెట్టుకోండి, ముక్కుకి మందుల షాపు ప్యాకెట్లే మేలు.

• ముక్కు కడుక్కునే సీసా శుభ్రంగా కడిగి ఆరిందా? ఎవరి సీసా వాళ్లదే, మొగుడూ పెళ్లాలైనా సరే.

• ముక్కు పూర్తిగా బిగిసినా, చెవిపోటున్నా, ఈమధ్య ఆపరేషన్ అయినా డాక్టరునడగకుండా మొదలుపెట్టొద్దు.

• డాక్టరు రాసిన స్ప్రే ముక్కు కడుక్కున్నాకే కొట్టుకోవాలి.

కంటి చుట్టూ వాపు, చూపు రెండుగా కనబడటం, జ్వరంతో మెడ పట్టేయడం ఉంటే కడగడం మానేసి వెంటనే ఒంగోలో నెల్లూరో, దగ్గరున్న పెద్దాసుపత్రికి వెళ్లండి.