మోటార్ న్యూరాన్ వ్యాధి వచ్చిన జీవిత భాగస్వామికి సదరం ధ్రువపత్రం, పింఛను: దరఖాస్తు విధానం

మోటార్ న్యూరాన్ వ్యాధి అని న్యూరాలజిస్టు నిర్ధారించిన వెంటనే ఏ కుటుంబమైనా మరో పెద్ద ఆసుపత్రిలో రెండో అభిప్రాయం కోసం బయలుదేరుతుంది. అది అవసరమే. అయితే ప్రభుత్వ దరఖాస్తుల పనిని అంతవరకు వాయిదా వేయకూడదు. కండరాలను నడిపించే నాడీకణాలు క్రమంగా క్షీణించడమే ఈ వ్యాధి స్వభావం కనుక, ఇవాళ సంతకం పెడుతున్న చేయి, ఇవాళ స్పష్టంగా పలుకుతున్న గొంతు కొన్ని నెలల తర్వాత అలాగే ఉంటాయని చెప్పలేము. అందుచేత రోగి చేయి, మాట అవసరమయ్యే పనులు ముందు జరగాలి. కుటుంబ సభ్యులు తర్వాత కూడా చేయగలిగినవి వెనుక జరగాలి. గోదావరి డెల్టాలోని కుటుంబాలను దృష్టిలో పెట్టుకొని ఆ క్రమాన్నే ఇక్కడ వివరిస్తున్నాము.

దరఖాస్తుదారు ఎవరు?

దరఖాస్తుదారు రోగే, భార్య లేదా భర్త సహాయకులు మాత్రమే. ఈ వ్యాధి వచ్చినవారిలో చాలామందికి ఆలోచన, జ్ఞాపకశక్తి చెక్కుచెదరవు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 13వ సెక్షన్ ప్రకారం ఆస్తిని కలిగి ఉండే హక్కు, తన ఆర్థిక వ్యవహారాలను తానే చూసుకునే హక్కు వారికి ఇతరులతో సమానంగా ఉన్నాయి. మాట ముద్దగా వస్తోందన్న కారణంతో ఏ కార్యాలయంలోనైనా అధికారి మీతోనే మాట్లాడుతూ ఉంటే, ప్రశ్నను రోగినే అడగమని మర్యాదగా కోరండి.

సదరం దరఖాస్తు

పింఛను, పరికరాలు, ఉద్యోగ రక్షణ మొదలైన వాటన్నిటికీ మూలం వైకల్య ధ్రువపత్రం. మన ప్రాంతంలో దీన్ని అందరూ సదరం సర్టిఫికెట్ అంటారు. వైద్య బోర్డు వైకల్యాన్ని పరీక్షించే సదరం శిబిరానికి గ్రామ లేదా వార్డు సచివాలయంలో గాని, మీసేవలో గాని స్లాట్ తీసుకోవచ్చు. దేశమంతటా చెల్లే యూడీఐడీ (వైకల్య గుర్తింపు) కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. ఆధార్, ఫోటో, చిరునామా రుజువుతో పాటు న్యూరాలజిస్టు రాసిన వ్యాధి నిర్ధారణ పత్రం, ఈఎంజీ (కండరాల విద్యుత్ పరీక్ష), నరాల వాహక పరీక్షల నివేదికలు, ఎంఆర్ఐ నివేదిక సిద్ధంగా ఉంచుకోవాలి. ‘క్రమంగా పెరిగే వ్యాధి’ అనే మాటను నిర్ధారణ పత్రంలో స్పష్టంగా రాయమని వైద్యుణ్ణి అడగండి. పునఃపరీక్ష కోరవలసి వచ్చినప్పుడు ఆ ఒక్క వాక్యం ఎంతో ఉపయోగపడుతుంది.

ఏ వైకల్యం కింద దరఖాస్తు చేయాలన్న దగ్గరే చాలామందికి నష్టం జరుగుతోంది. చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఈ వ్యాధి పేరు విడిగా లేదు. నాడీవ్యవస్థ దెబ్బతిని కదలిక పోవడం చలన వైకల్యం నిర్వచనంలోకి వస్తుంది కనుక సాధారణంగా దాని కిందే దరఖాస్తు చేస్తారు. కాని కొందరిలో వ్యాధి చేతులు, కాళ్లలో కాకుండా నాలుక, గొంతు కండరాల్లో మొదలవుతుంది. వారు చక్కగా నడుస్తారు, మాట మాత్రం ఎదుటివారికి అర్థం కాదు. అటువంటివారు చలన వైకల్యం ఒక్కటే రాస్తే వైకల్య శాతం తక్కువ వచ్చే ప్రమాదం ఉంది. నాడీ సంబంధ కారణాల వల్ల కలిగే మాట, భాషా వైకల్యం చట్టంలో వేరే వర్గంగా ఉంది కాబట్టి దాన్ని కూడా తప్పక నమోదు చేయాలి.

శిబిరం తేదీ ఎంచుకునేటప్పుడు ప్రయాణం గురించి కూడా ఆలోచించాలి. కోనసీమ నుంచి కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి యానాం–ఎదుర్లంక వంతెన మీదుగా వెళ్లవచ్చు గాని, లంక గ్రామాలవారు గోదావరికి వరద వచ్చే జూలై నుంచి సెప్టెంబరు వరకు పడవ దాటవలసిన పరిస్థితిలో ఉంటారు. మెడ నిలపలేని మనిషిని పడవలోకి, అక్కడి నుంచి ఆటోలోకి ఎక్కించడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. వీలైతే వరదలకు ముందే స్లాట్ తీసుకోండి.

పరీక్ష రోజున చాలామంది రోగులు తమ శక్తికి మించి నిటారుగా కూర్చుని, బాగానే ఉన్నామని చెప్పడానికి ప్రయత్నిస్తారు. వారి ఆత్మగౌరవం అర్థం చేసుకోదగినదే, కాని బోర్డు కొలిచేది ఆ రోజు కనిపించిన స్థితిని. చొక్కా గుండీలు ఎవరు పెడుతున్నారు, అన్నం కలుపుకోగలుగుతున్నారా, పక్క మీద నుంచి లేవడానికి ఎంతమంది సాయం కావాలి, నీళ్లు తాగితే పొలమారుతోందా వంటి విషయాలను ముందుగానే ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ప్రశ్నలకు మాత్రం వారినే జవాబు చెప్పనివ్వండి. మాట ఎలా వస్తోందన్నది కూడా పరీక్షలో భాగమే.

2024 అక్టోబరులో సవరించిన నిబంధనల ప్రకారం ధ్రువపత్రాన్ని మూడు నెలల్లోగా ఇవ్వాలి. నిరాకరిస్తే కారణాలను రాతపూర్వకంగా తెలపాలి. దానిపై చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు.

ధ్రువపత్రం వచ్చేలోపు

ఈ ఎదురుచూపు రోజుల్లో చేయవలసిన ముఖ్యమైన పని బ్యాంకులో ఉంది. రోగి ఒక్కరి పేరుతో ఉన్న ఖాతాలను ఇద్దరిలో ఎవరైనా నడపగలిగే ఉమ్మడి ఖాతాలుగా మార్చి, నామినీలను సరిచూసుకోండి. సంతకం మారిపోయిందని చెక్కు వెనక్కి వచ్చినా నిరాశపడనక్కరలేదు. రిజర్వు బ్యాంకు సూచనల ప్రకారం సంతకం చేయలేనివారి వేలిముద్రను, చివరకు కాలి వేలి ముద్రను సైతం ఇద్దరు సాక్షుల సమక్షంలో అంగీకరించాలి. ఆ సాక్షుల్లో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి కావాలి. వేలిముద్ర కూడా వేయలేనివారు ఇదే పద్ధతిలో ఏదైనా గుర్తు పెడితే సరిపోతుంది.

పొలం కౌలు, చేపల చెరువు లీజు, ఇంటి పత్రాలు వంటివి ఉంటే భాగస్వామి పేరున అధికార పత్రం, అంటే పవర్ ఆఫ్ అటార్నీ, రాయించుకోవడం మంచిది. శారీరక అశక్తత వల్ల సబ్‌రిజిస్ట్రారు కార్యాలయానికి రాలేనివారి విషయంలో రిజిస్ట్రేషన్ చట్టం వెసులుబాటు ఇస్తుంది: అధికారే ఇంటికి రావచ్చు, లేదా కమిషన్ పంపవచ్చు. వైద్యుని పత్రం జతచేసి ముందుగా అర్జీ ఇవ్వాలి. ఈ పత్రం రోగి జీవించి ఉన్నంతవరకే చెల్లుతుందని గుర్తుంచుకొని, వీలునామాను విడిగా రాయించాలి. ఈ మాట ఇంట్లో ఎత్తడం చాలా బాధగా ఉంటుంది. అయినా రోగి తన నోటితో చెప్పగలిగిన రోజుల్లో ఎత్తడమే వారికి మనం ఇచ్చే గౌరవం.

పింఛను

కనీసం 40 శాతం వైకల్యం నమోదైతే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పథకమైన ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగుల పింఛనుకు సచివాలయంలో దరఖాస్తు చేయవచ్చు. 2024 జూలై నుంచి ఈ పింఛను నెలకు 6,000 రూపాయలు. పక్షవాతంతో చక్రాల కుర్చీకో మంచానికో పరిమితమైనవారికి, తీవ్రమైన కండరాల క్షీణత ఉన్నవారికి 15,000 రూపాయల పింఛను ఉంది. ఈ రెండో పింఛను కోరేవారు ఆ స్థితిని వివరించే ప్రభుత్వ వైద్యుని పత్రం జతచేయాలి. కుటుంబ ఆదాయం, భూమి, నాలుగు చక్రాల వాహనం, విద్యుత్ వినియోగం వంటి అర్హతలను కూడా పరిశీలిస్తారు. విద్యుత్ పరిమితి నెలకు సగటున 300 యూనిట్లు. రోగి గదిలో ఏసీ పెట్టినవారు బిల్లును గమనిస్తూ ఉండాలి.

ఉద్యోగం, పన్ను

రోగి ప్రభుత్వ ఉపాధ్యాయులో ఉద్యోగో అయితే స్వచ్ఛంద విరమణకు తొందరపడి సంతకం చేయవద్దు. సర్వీసులో ఉండగా వైకల్యం కలిగినవారిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని, తగిన మరో పోస్టుకు మార్చాలని, అదీ వీలుకాకపోతే అదనపు పోస్టులో కొనసాగించాలని చట్టంలోని 20వ సెక్షన్ చెబుతోంది. పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఆదాయపు పన్ను చట్టం కింద (2026 మార్చి వరకు అమల్లో ఉన్న 1961 నాటి చట్టంలో ఇది 80డీడీబీ సెక్షన్) చికిత్స ఖర్చుపై 40,000 రూపాయల వరకు, రోగి వయోవృద్ధులైతే లక్ష వరకు మినహాయింపు ఉంది. మోటార్ న్యూరాన్ వ్యాధి ఆ జాబితాలో పేరుతో సహా ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉండాలి.

పునఃపరీక్ష

స్థితి మారే అవకాశం ఉందని బోర్డు భావిస్తే ధ్రువపత్రానికి గడువు రాస్తుంది. ఆ తేదీ దాటితే పింఛను ఆగే ప్రమాదం ఉంది కాబట్టి రెండు మూడు నెలల ముందే మళ్లీ స్లాట్ తీసుకోవాలి. గడువు మిగిలి ఉన్నా, నడక ఆగిపోవడం లేదా మాట పోవడం వంటి పెద్ద మార్పు వస్తే పాత ధ్రువపత్రం నకలు, కొత్త వైద్య నివేదిక జతచేసి పునఃపరీక్ష కోరండి. 40 నుంచి 80 శాతం లోపు వైకల్యానికి పసుపు రంగు, 80 శాతం, ఆపైన ఉంటే నీలం రంగు యూడీఐడీ కార్డు ఇస్తారు. నీలం కార్డు వచ్చాక పింఛను వర్గం మార్పు కోసం సచివాలయంలో విడిగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోవాలి.