కుళాయి నీళ్లు తాగొచ్చా? ఇంట్లోనే తెలుసుకోవడం ఎలా

గ్లాసులో పట్టిన నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన రావడం లేదు, రుచీ బాగుంది. ఇక భయమేముంది అనుకుంటాం. 1854లో లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్లకు కూడా మంచి పేరే ఉండేది. ఆ రుచి నచ్చి, దూరాన ఉన్నా తెప్పించుకుని తాగినవాళ్లున్నారు. ఆ పంపే కలరాను పంచుతోందని జాన్ స్నో అనే డాక్టరు, చనిపోయినవాళ్లు ఎక్కడి నీళ్లు తాగారో ఆరా తీసి చూపించాక, సెప్టెంబరు 8న దాని పిడి ఊడదీశారు. నీళ్ల విషయంలో కన్నునీ నాలుకనీ ఇప్పటికీ నమ్మలేం.

నగరాల్లో నీళ్లు శుద్ధి కేంద్రం దాటేటప్పుడు చాలావరకు బాగానే ఉంటాయి. ఎక్కువగా పాడయ్యేది దారిలోనే. చిల్లుపడ్డ పైపులో, మూత సరిగా లేని సంపులో, ఏళ్ల తరబడి కడగని ట్యాంకులో. అందుకే "మా నీళ్లు మంచివేనా?" అని ఊరికే అడిగితే లాభం లేదు. "ఎక్కడిదాకా మంచివి?" అని వెతకాలి. ఆ చోటు దొరికిందంటే ఏం చేయాలో సగం తేలిపోయినట్టే.

1. ముందు మీ నీళ్ల దారి కనుక్కోండి

ఒక కాగితం మీద గీయండి: వీధి పైపు, మీటరు, సంపు, మోటారు, పైన ట్యాంకు, వంటింటి కుళాయి, ఫిల్టరు, తాగే బిందె. మీ ఇంట్లో వీటిలో కొన్ని ఉండకపోవచ్చు. వీధి పైపు నుంచి నేరుగా వచ్చే కుళాయి ఏదో తెలుసుకోవడం ఇక్కడ ముఖ్యం. నీళ్లు వదిలే వేళలో ట్యాంకు కింది వాల్వు మూసేయండి. అప్పుడు కూడా ఏ కుళాయి ధారగా పోస్తుందో అదే నేరు కుళాయి.

2. చూడండి, వాసన పట్టండి

తెల్లటి గిన్నెలోనో పారదర్శకమైన గ్లాసులోనో పట్టి కాసేపు ఉంచండి. పాలలా తెల్లగా ఉండి, అడుగు నుంచి పైకి తేరుకుంటే అది గాలి బుడగలు, భయం లేదు. ఎర్రగా, తుప్పు రంగులో ఉంటే ఇనుము. కుళ్లిన గుడ్ల వాసన వేడి నీళ్లలోనే వస్తే గీజరును అనుమానించండి. మురుగు కంపు గానీ, ఉన్నట్టుండి బురద రంగు గానీ వస్తే పరీక్షల కోసం ఆగకండి. ఆ నీళ్లు తాగడం ఆపేసి వెంటనే ఫిర్యాదు చేయండి. కొద్దిగా బ్లీచింగ్ వాసన వస్తే మాత్రం కంగారు అక్కర్లేదు. క్రిములను చంపే క్లోరిన్ ఇంకా నీళ్లలో ఉందని దాని అర్థం.

తేటగా కనబడినంత మాత్రాన సరిపోదు. మసకను కొలిచే ఎన్‌టీయూ లెక్కలో సుమారు 4 దాటితే గానీ మన కంటికి ఆనదు. క్లోరిన్ బాగా పనిచేయాలంటే అది 1 కన్నా తక్కువ ఉండాలి.

3. క్లోరిన్ కొలవండి

ఇంట్లో ఒక్క పరీక్షే చేయగలిగితే ఇదే చేయండి. శుద్ధి కేంద్రంలో కలిపిన క్లోరిన్ కొంత ఖర్చయిపోయి, మిగిలింది నీళ్లతో పాటు మన కుళాయి దాకా కాపలాగా వస్తుంది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్ (దేనితోనూ కలిసిపోకుండా, క్రిములను చంపడానికి సిద్ధంగా ఉన్న క్లోరిన్) మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 5 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదట్లో ఉండి దారిలో మాయమైందంటే, ఏదో మురికి దాన్ని తినేసిందనైనా అనుకోవాలి, నీళ్లు చాలాకాలంగా నిలవ ఉన్నాయనైనా అనుకోవాలి.

దీనికి డీపీడీ కిట్ కావాలి, అంటే క్లోరిన్ తగిలితే గులాబీ రంగుకు తిరిగే మందు మాత్రలు, చిన్న ట్యూబు, రంగుల కార్డు ఉండే పెట్టె. ఈత కొలనుల వాళ్లు వాడేది కూడా ఇదే రకం. పసుపు రంగు వచ్చే ఓటీవో కిట్ మొత్తం క్లోరిన్‌ను చూపిస్తుంది. మనకు కావలసింది ఫ్రీ క్లోరిన్ కాబట్టి గులాబీ రంగు వచ్చే డీపీడీ తీసుకోండి. కుళాయిని రెండు నిమిషాలు వదిలి, అవే నీళ్లతో చిన్న ట్యూబును తొలిచి, గీత దాకా నింపి మాత్ర వేయండి. అది కరగగానే, వెనక తెల్ల కాగితం పెట్టి కార్డు మీది రంగులతో పోల్చండి. ఆలస్యం చేస్తే రంగు ముదిరి తప్పు లెక్క వస్తుంది.

మొదట నేరు కుళాయి దగ్గర, తర్వాత వంటింట్లో, ఆఖరున బిందెలో కొలవండి. మూడు అంకెలూ తేదీతో రాసి పెట్టుకోండి.

మా ఇంట్లో మొదటిసారి చేసినప్పుడు మీటరు పక్క కుళాయిలో 0.5 వచ్చింది, ట్యూబు చక్కగా గులాబీ రంగుకు తిరిగింది. వంటింట్లో మాత్ర వేస్తే నీళ్లు నీళ్లలాగే ఉండిపోయాయి. మాత్ర పాతదేమోనని ఇంకోటి వేశాను, అదీ అంతే. మేడెక్కి ట్యాంకు మూత తీశాను. అడుగున వేలు మందాన బురద, గోడలకు జారుడు పాచి. అన్నాళ్లూ పిల్లలకు ఆ నీళ్లే పట్టానన్న బాధ నాకింకా పోలేదు. వీధి నీళ్లను తిట్టుకుంటూ కూర్చున్నాం, తప్పంతా మా నెత్తి మీదే ఉంది.

నేరు కుళాయిలోనే సున్నా వస్తే తేడా వీధిలో ఉంది. అక్కడ ఉండి వంటింట్లో లేకపోతే సంపులోనో ట్యాంకులోనో ఉంది. కార్బన్ ఫిల్టరు తర్వాత సున్నా రావడం మామూలే, క్లోరిన్‌ను తీసేయడం దాని పనుల్లో ఒకటి. అందుకే ఫిల్టరు నీళ్లను రోజుల తరబడి నిలవ పెట్టకండి.

టీడీఎస్ మీటరు సంగతి కూడా చెప్పాలి. చాలామంది దాని అంకె చూసి నీళ్లు మంచివని తీర్మానించేస్తారు. అది నీళ్లలో కరిగిన లవణాలను అంచనా వేస్తుంది, అంతే. 600 లోపుంటే రుచి బాగుంటుంది, 1000 దాటితే నోటికి ఎక్కదు. క్రిములున్నాయో లేవో, సీసం ఉందో లేదో దానికి తెలియదు.

4. ల్యాబుకు పంపండి

క్లోరిన్ ఉన్నా కొన్ని తప్పించుకుంటాయి. 1993లో అమెరికాలోని మిల్వాకీలో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి కుళాయి నీళ్ల ద్వారా సుమారు 4 లక్షల మందిని జబ్బు చేసింది. మామూలు మోతాదు క్లోరిన్‌కు అది లొంగదు. ఇక సీసం, ఆర్సెనిక్, ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటివాటికి క్లోరిన్‌తో సంబంధమే లేదు.

నమూనా పట్టడంలోనే చాలామంది తప్పు చేస్తారు. క్రిముల పరీక్షకు, సీసం పరీక్షకు పద్ధతులు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

క్రిముల కోసమైతే ల్యాబు ఇచ్చిన స్టెరైల్ సీసాలోనే పట్టాలి. అందులో ఉండే కొంచెం పొడిని కడిగేయకండి, అది క్లోరిన్‌ను ఆపడానికి వేసింది. కుళాయి మూతికి జాలీ ఉంటే విప్పి, స్పిరిట్‌తో తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదలండి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు, దాన్ని కింద పెట్టకూడదు. పైన కొంచెం ఖాళీ ఉంచి పట్టి, ఐస్ పెట్టిన డబ్బాలో వీలైతే 6 గంటల్లో ల్యాబుకు చేర్చండి. ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటనివ్వకండి.

సీసం కోసమైతే నీళ్లు అసలు వదలకూడదు. రాత్రి కుళాయి కట్టేసి, కనీసం 6 గంటలు ఎవరూ వాడకుండా చూసి, పొద్దున్నే వచ్చే మొదటి చల్లటి నీళ్లనే పట్టాలి. సీసం పైపుల్లోంచి, అతుకుల్లోంచి, ఇత్తడి కుళాయిల్లోంచి నిలవ నీళ్లలోకి దిగుతుంది. అమెరికాలోనే ఫ్లింట్ నగరంలో 2014లో నీటి వనరు మార్చి, పైపులు తినేయకుండా కాపాడే మందు కలపకపోవడం వల్ల ఇళ్లలోకి సీసం వచ్చింది.

రిపోర్టు రాగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంకెలతో పోల్చుకోండి. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలై (నీళ్లలో మలం కలిసిందని చెప్పే బాక్టీరియా) ఒక్కటి కూడా కనబడకూడదు. లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్, సీసం ఒక్కొక్కటి 0.01 మిల్లీగ్రాములు దాటకూడదు. సీసా పాలు తాగే పసిపిల్లలున్న ఇంట్లో నైట్రేట్ అంకెను తప్పక చూడండి.

5. తేడా ఉన్న చోటే బాగు చేయండి

ట్యాంకులో ఉంటే: ఖాళీ చేసి, బ్రష్‌తో రుద్ది, బురద బయటికి తోడేయండి. మళ్లీ నింపి 1000 లీటర్లకు 5 శాతం ఉన్న మామూలు బ్లీచ్ ఒక లీటరు కలపండి, వాసన కలిపిన రకం వద్దు, ఇంకే క్లీనరూ దాంతో కలపకూడదు. ఇంట్లో ప్రతి కుళాయీ విప్పి క్లోరిన్ వాసన వచ్చేదాకా ఉంచి కట్టేయండి. 24 గంటలయ్యాక అంతా వదిలేసి, మంచి నీళ్లతో కడగండి. అప్పటిదాకా ఆ నీళ్లు ఎవరూ వాడకూడదు. మూత బిగుతుగా పట్టకపోతే ఈ శ్రమంతా వృథా.

వీధి పైపుకు నేరుగా మోటారు బిగించి లాగుతుంటే ఈరోజే తీసేయండి. అలా పీల్చినప్పుడు పైపు పగుళ్లలోంచి చుట్టూ ఉన్న మురుగు లోపలికి వస్తుంది, మీ ఇంటికే కాదు పక్కింటికీ. సరఫరా ఆగి మళ్లీ మొదలైనప్పుడు తొలి నీళ్లు చెడ్డగా ఉండేదీ ఇందుకే. వాటిని తాగడానికి పట్టకండి.

క్రిములున్నాయని అనుమానం ఉంటే నీళ్లు తెర్లుతూ ఒక నిమిషం మరగాలి, 2000 మీటర్ల పైన ఎత్తులో ఉన్నవాళ్లకు 3 నిమిషాలు. సీసం, నైట్రేట్, ఫ్లోరైడ్ ఉంటే మాత్రం మరిగించొద్దు. నీరు ఆవిరై అవి ఇంకా చిక్కబడతాయి. వాటికి ఆర్వో (సన్నటి పొర గుండా నీళ్లను వడగట్టే) ఫిల్టరు పనికొస్తుంది. యూవీ (అతినీలలోహిత కాంతి) ఫిల్టరు తేట నీళ్లలోని క్రిములనే చంపుతుంది.

వీధిలో తేడా ఉంటే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నేరు కుళాయి అంకె, తేదీ, నీళ్లు వచ్చిన వేళ, అదే వేళ పక్క రెండు ఇళ్లలో వచ్చిన అంకెలు రాయండి. "నీళ్లు బాగోలేవు" అంటే ఎవరూ కదలరు గానీ, మూడిళ్లలోనూ సున్నా అంటే పైపు తవ్వి చూడక తప్పదు. మీ వీధికి దగ్గర్లో వాళ్లు నమూనా తీసిన చోటేదో, దాని ఫలితమేమిటో కూడా అడగండి.

మరమ్మతు అయిందని చెప్పగానే బిందె పెట్టేయకండి. నీళ్లు తేట పడేదాకా వదిలి, అదే కుళాయి దగ్గర, అదే వేళలో మళ్లీ మాత్ర వేసి చూడండి. రెండు మూడు రోజులు వరసగా గులాబీ రంగు వచ్చాక, ఈ.కోలై పరీక్ష ఇంకోసారి చేయించి, అప్పుడు తాగండి.