షిమనామి కైడోలో స్నేహితులతో కలిసి సైకిల్ తొక్కడం ఎలా?

జపాన్‌లో స్నేహితులంతా కలిసి సైకిళ్ల మీద ఒక మంచి దారి తిరిగి రావాలనుకుంటే, మొదటిసారికి నేను చెప్పేది షిమనామి కైడోనే. హిరోషిమా ప్రిఫెక్చర్‌లోని (అంటే మన రాష్ట్రం లాంటి ప్రాంతం) ఒనొమిచి నుంచి ఎహిమె ప్రిఫెక్చర్‌లోని ఇమబరి దాకా సుమారు 70 కిలోమీటర్లు. జపాన్‌లోని పెద్ద దీవులైన హోన్షు, షికోకుల మధ్య సముద్రంలో ఉన్న ఆరు దీవుల మీదుగా, వంతెనలు దాటుకుంటూ సాగుతుంది. రోడ్డు అంచున గీసిన నీలి గీత వెంట వెళ్తే చాలు, మాటిమాటికీ మ్యాప్ చూడక్కర్లేదు.

1. రోజులు, మనుషులు తేల్చుకోండి

అలవాటున్నవాళ్లు దీన్ని ఒక్క రోజులో ముగించేస్తారు. గుంపులో ఒక్కరు కొత్తవాళ్లున్నా రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు సుమారు 30 కిలోమీటర్లు తొక్కి ఇకుచిజిమ దీవిలోని సెతొదాలో ఆగితే, మిగతాది రెండో రోజు హాయిగా అవుతుంది. నలుగురైదుగురు సరైన సంఖ్య. అంతకు మించితే రెండు జట్లుగా విడిపోండి. పొడవాటి వరుసను కార్లు దాటడం కష్టం, సిగ్నళ్ల దగ్గర వరుస తెగిపోతుంది.

ఏప్రిల్, మే, అక్టోబర్, నవంబర్ నెలలు బాగుంటాయి. జూన్‌లో వానలు, ఆగస్టులో ఉక్కపోత, సెప్టెంబర్‌లో తుఫాన్ల భయం.

2. సైకిళ్లు

ఒనొమిచి, ఇమబరి రెండు చోట్లా అద్దెకు దొరుకుతాయి. ఒక చివర తీసుకుని రెండో చివర అప్పగించే వీలుందా, దానికి అదనంగా ఎంత అనేది ముందే అడగండి. బుక్ చేసేటప్పుడు ప్రతి ఒక్కరి ఎత్తు సెంటీమీటర్లలో చెప్పండి. సైజు తప్పితే ఇరవై కిలోమీటర్లకే మోకాళ్లు పట్టేస్తాయి.

సొంత సైకిల్‌ను రైల్లో తీసుకెళ్లాలంటే చక్రాలు విప్పి రింకో సంచిలో, అంటే సైకిల్‌ను రైల్లో మోసుకెళ్లే సంచిలో, పెట్టాలి. హ్యాండిల్, సీటుతో సహా సైకిలంతా సంచి లోపలే ఉండాలి. షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో చివరి సీట్ల వెనక స్థలం కావాలంటే, ఆ స్థలంతో కూడిన సీటునే ముందుగా బుక్ చేసుకోండి.

3. రూల్స్ అందరికీ ముందే చెప్పండి

జపాన్‌లోనూ మనలాగే ఎడమవైపు నడపాలి, కాబట్టి మనవాళ్లకు దిశ విషయంలో టెన్షన్ ఉండదు. మనకు అలవాటైన పనొకటి మాత్రం మానుకోవాలి: ఇద్దరు పక్కపక్కనే కబుర్లు చెప్పుకుంటూ తొక్కడం. అది నిషేధం, ఒకరి వెనక ఒకరే వెళ్లాలి. ఎర్రటి తలకిందుల త్రికోణం బోర్డు కనిపిస్తే పూర్తిగా ఆగాలి, రైల్వే గేటు ముందూ అంతే. పెద్ద కూడళ్లలో కుడివైపు తిరగాలంటే నేరుగా అవతలికి దాటి, అక్కడ ఆగి, దిశ మార్చుకుని మళ్లీ సిగ్నల్‌తో వెళ్లాలి.

2024 నవంబర్ నుంచి తొక్కుతూ ఫోన్ వాడితే శిక్షలు కఠినమయ్యాయి. తాగి నడిపితే జైలు దాకా వెళ్తుంది. మధ్యాహ్నం భోజనంలో ఒక్క బీరు కూడా వద్దు. బెల్, ముందు లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉన్నాయో లేదో చూసుకోండి. హెల్మెట్ పెట్టుకోవడానికి ప్రయత్నించడం 2023 ఏప్రిల్ నుంచి అన్ని వయసులవాళ్ల బాధ్యత.

4. వరుస ఎలా ఉండాలి

యాత్ర బాగుంటుందా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది. అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్లను చివర్లో పెట్టకండి. చివర్లో ఉన్న మనిషి వెనకబడి, ఆయాసపడుతూ వచ్చేసరికి మిగతావాళ్లు విశ్రాంతి ముగించి బయల్దేరుతుంటారు. ఆ మనిషికి ఆగే సమయమే దొరకదు, సాయంత్రానికి మొహం వాడిపోతుంది. వాళ్లను రెండో స్థానంలో ఉంచండి. ముందున్న అనుభవజ్ఞుడు అప్పుడప్పుడూ వెనక్కి చూసి వాళ్ల వేగానికే తన వేగం కుదించుకోవాలి. ట్యూబ్, గాలి పంపు, పంక్చర్ సామాను తీసుకుని మరో గట్టి మనిషి చివర్లో రావాలి.

ఓడలు కింద నుంచి వెళ్లాలి కాబట్టి వంతెనలన్నీ ఎత్తులో ఉంటాయి. ప్రతి వంతెనకూ సుమారు 3 శాతం వాలుతో మెలికలు తిరిగే దారి ఎక్కాలి. అక్కడ ఎవరి వేగం వారిది, పైన వంతెన మొదట్లో కలుసుకోండి. చివరి మనిషి వచ్చాక కనీసం ఐదు నిమిషాలు అందరూ ఆగాలి.

5. దారిలో

ఒనొమిచి నుంచి మొదటి దీవి ముకైషిమకు వంతెన మీద వెళ్లకండి, రోడ్డు ఇరుకు. ఫెర్రీ ఎక్కితే కొద్ది నిమిషాల్లో దాటేస్తారు. ఇన్నొషిమ వంతెన మీద సైకిళ్ల దారి కార్ల కింది అంతస్తులో ఉంటుంది, తల మీద వాహనాల మోత వినిపిస్తుంది. సెతొదా నిమ్మకాయలకు పేరున్న ఊరు. తతర వంతెన స్తంభం దగ్గర చప్పట్లు కొట్టి చూడండి, శబ్దం పైకి పాకుతూ ప్రతిధ్వనిస్తుంది. ఒషిమ దీవిలో 307 మీటర్ల కిరోసాన్ కొండ ఎక్కితే జలసంధి మొత్తం కనిపిస్తుంది. అది గట్టివాళ్లకే, మిగతావాళ్లు కింద టీ తాగుతూ ఉండొచ్చు. ఆఖరున కురుషిమ జలసంధి మీద వరుసగా మూడు సస్పెన్షన్ వంతెనలు, సుమారు 4 కిలోమీటర్లు. గాలి గట్టిగా వీస్తే దిగి నడిపించుకుంటూ వెళ్లండి.

శాకాహారులు తిండి గురించి ముందే ఆలోచించుకోవాలి. సూప్‌లలో, సాస్‌లలో చేపల రసం కలుస్తుంది. పులిహోర డబ్బాలో పెట్టుకుంటే రోజంతా నిలుస్తుంది, అరటిపళ్లు కన్వీనియన్స్ స్టోర్లలో కొనుక్కోవచ్చు. నీళ్లు అయిపోకముందే ఎక్కడ వెండింగ్ మెషీన్ కనిపిస్తే అక్కడ నింపుకోండి.

ప్రమాదం జరిగితే అంబులెన్స్‌కు 119, పోలీసులకు 110. చిన్న ఢీకొట్టుకోవడమైనా పోలీసులకు చెప్పాల్సిందే. అద్దె సైకిల్‌కు బీమా ఉందో లేదో తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోండి.