జంగు పట్టిన బండి కిందికి దూరే ముందు

పోయిన వారం మా దిక్కు ఒక షెడ్డుల పాత కారు జాకీ మీదికెళ్లి జారి కింద పని చేస్తున్న పిలగాని మీద పడ్డది. నడుము కాడ బొక్క ఇరిగింది, పాణం దక్కింది, గంతవరకు నయం. వాడు చేసిన తప్పే నేను సుత చేసిన, మీల సగం మంది చేసే ఉంటరు. ఇప్పుడు మళ్ల వానలు పడక ముందే టింకరింగ్ ఒడగొట్టాలె అని అందరు ఆగమాగం మీదున్నరు గదా, అందుకే రాస్తున్న.

మాది డాట్సన్ 240జెడ్, నలుగురం దోస్తులం కలిసి పట్టినం. 1969ల జపాన్‌ల బయటికొచ్చిన మోడల్, ఆరు సిలిండర్లు, 2393 సీసీ. 1971ల, 1973ల ఈస్ట్ ఆఫ్రికా సఫారీ ర్యాలీ కొట్టింది ఈ బండే, 73ల తోలినాయన శేఖర్ మెహతా, మనోడే అని మా వాడొకడు ప్రతిసారి ఛాతి ఇరుసుకుంటడు (ఆయన పుట్టింది ఉగాండాలరా అంటె ఇనడు). ఆఫ్రికా రాళ్లకు ఆగిన బండి జంగుకు మాత్రం ఆగలే. ఫ్లోరు, డోర్ల కింది రన్నింగ్ బోర్డు, బ్యాటరీ కింద యాసిడ్ కారిన ఫ్రేమ్ రైలు (బాడీ కింద పొడుగ్గ పోయే ఇనుప పట్టీ), అన్ని అప్పడాలే.

గ్లౌజులు, కళ్లద్దాలు, బూట్లు, గవి నేను చెప్ప, మీరు చిన్న పిల్లలు కాదు.

అసలు ముచ్చట: ఒక్క జాకీ మీద ఉన్న బండి కిందికి దూరకుండ్రి

తెలుసు అంటరు. నాకు సుత తెలుసు. రెండేండ్ల కింద హంటర్ రోడ్డు దిక్కు మా దోస్తు వాళ్లింటి వాకిట్ల బండి ఎడమ దిక్కు లేపినం, వెనక టైరు ఊడదీసినం. ఒక నట్టు దొర్లి లోపటికి పోయింది, ఒక్క నిమిషమే గదా అని భుజం దాక దూరిన. కర్రుమని చప్పుడైంది. జాకీ దిగలే, పక్కకు సుత ఒరగలే. నిలబడ్డకాడ నిలబడే ఉన్నది, దాని తలకాయే రన్నింగ్ బోర్డులకు దిగబడ్డది. ఎవడో పాత ఓనరు జంగు మీద లప్పం పెట్టి, పైనుంచి నల్ల డాంబరు కొట్టి ఉంచిండు, బయటికి చూస్తె ఉక్కు లెక్కనే ఉండె. బండి జానెడు కిందికొచ్చి, ఊడదీసిన టైరు మీద ఆగింది. ఆ టైరును మావోడు జాగ్రత్త కోసం పెట్టలే, వాకిట్ల అడ్డమొస్తున్నదని కాలుతోని కిందికి తన్నిండు, గంతే. నా చెప్పు ఒకటి బ్రేక్ డ్రమ్ము కింద పడి నున్నగ అణిగింది, ఇప్పటికి షెడ్డుల మొలకు తలిగేసి ఉన్నది.

మంచి బండికి జాకీ ఫెయిలైతె పడతది. జంగు బండికి జాకీ మంచిగున్నా పడతది. జీపు లెక్క దీనికి వేరే ఛాసిస్ ఉండది, బాడీయే ఛాసిస్, ఆ రేకు మందం ఒక మిల్లీమీటరు సుత సరిగ లేదు, అది కుళ్లినంక టన్ను బరువు దేని మీద ఆగుతది? ఇగ జాకీ సంగతంటరా, లోపట ఆయిల్‌ను ఆపేది ఒక చిన్న సీలు, అది అరిగితె చెప్పకుండ దిగుతది. జాకీ లేపేటందుకే, మోసేటందుకు కాదు.

యాడ లేపాలె, యాడ ఆపాలె

లేపే ముందు స్క్రూడ్రైవర్ తోని పొడుసుండ్రి, గట్టిగ. సుత్తెతోని కొట్టి ఇనుండ్రి, మంచి ఇనుము ఠంగుమంటది, కుళ్లింది దబ్బుమంటది. చిన్న అయస్కాంతానికి బట్ట చుట్టి రుద్దుండ్రి, లప్పం ఉన్నకాడ అతుక్కోదు. ముందట ఇంజన్ కింద క్రాస్‌మెంబర్ (అడ్డంగ ఉండే ఇనుప దూలం), వెనక డిఫరెన్షియల్ (వెనక టైర్లను తిప్పే గేర్ల డబ్బ), గవే లావు ఇనుము, గక్కడ లేపి, బండి బరువు మోసే ఇనుప స్టాండ్లు సుత గట్టి ఇనుము కిందనే పెట్టుండ్రి. రన్నింగ్ బోర్డు కింద వద్దు, కంపెనీ చూపిచ్చిన జాగ అయినా సరే, ఆ జాగ చెప్పినప్పుడు బండి కొత్తది.

ఇటుకలు, సిమెంటు బ్రిక్కులు పెట్టకుండ్రి. సప్పుడు లేకుండ పల్గుతయ్.

కింద నేల సూడుండ్రి. మన వాకిళ్లల్ల షాబాద్ బండలు ఉంటయ్ గదా, కింద బోలుంటె స్టాండు కాలు ఆనినకాడ పటుక్కుమంటయ్. రేగడి మట్టి అయితె ఒక్క వానకే దిగబడతది. మందం చెక్కనో ఇనుప ప్లేటో ఏసి దాని మీద పెట్టాలె.

హ్యాండ్ బ్రేక్ ఏసిన, గేర్ల పెట్టిన అని ధైర్యం వద్దు. ఈ బండికి రెండూ వెనక టైర్లనే పట్టుకుంటయ్, వెనక లేపినంక ముందటి టైర్లు ఖుల్లా. వాటికి రెండు దిక్కుల రాళ్లు పెట్టుండ్రి. స్టాండ్ల మీదికి దించినంక దూరక ముందే భుజంతోని బండిని గట్టిగ ఊపుండ్రి, పడేదుంటె అప్పుడే పడాలె. ఊడదీసిన టైరు కిందనే పెట్టుండ్రి, మావోని లెక్క కాదు, తెలిసి.

దోస్తులు

నలుగురు ఉంటె ఇంక డేంజర్. స్టాండ్లు వాడు పెట్టిండనుకుంటడు వీడు, వీడు పెట్టిండనుకుంటడు వాడు. ఎవలు కిందికి పోతరో వాళ్లే స్వయంగ చూడాలె. తాళంచెవి కిందున్నోని జేబుల ఉండాలె. వాడు కిందున్నంత సేపు డోరు కొట్టుడు లేదు, సీట్ల కూసుని సెల్ఫీలు లేవు, గట్టిబడ్డ బోల్టుకు పానకు పైపు తొడిగి గుంజుడు అసలే లేదు.

నిప్పు, ఇంక మిగిలినయ్

ఖాళీ పెట్రోలు ట్యాంకు నిండు ట్యాంకు కన్న పాపిష్టిది, లోపటంతా ఆవిరే. కడిగినం, ఎండల పెట్టినం అని వెల్డింగ్ కొట్టకుండ్రి. పెట్రోలు ఆవిరి గాలి కన్న బరువు, కిందనే పారుకుంట పోయి అవుతల ఉన్న గ్రైండర్ రవ్వకు అంటుకుంటది, షెడ్డుల గుంత ఉంటె దాంట్ల నిలుస్తది.

వెల్డింగ్ బయట కొడితె మంట లోపట అంటుకుంటది, కింది డాంబరు, లోపటి కార్పెట్. ఒకడు లోపటి దిక్కు చూసుకుంట బకెట్ నీళ్లతోని నిలబడాలె, ఫోన్ పక్కన పెట్టి. పని అయినంక గంట సేపు బండిని ఇడిసిపెట్టి పోకుండ్రి.

బ్యాటరీ వైరు ముందే పీకుండ్రి.

క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ తడి ఆరకముందు వెల్డింగ్ కొడితె ఫాస్జీన్ వస్తది, అది యుద్ధంల మనుషుల మీదికి ఇడిసిన గ్యాస్.

వెనక డ్రమ్ముల దుమ్మును కంప్రెసర్ తోని ఊదకుండ్రి. ఆ కాలపు బ్రేక్ షూలల్ల ఆస్బెస్టాస్ ఉంటది. తడి బట్టతోని తుడువుండ్రి.

పాత రంగు పొడిగ గీకుడు బంద్, సీసం ఉండొచ్చు, నీళ్లు పెట్టి గీకే పేపరే వాడుండ్రి. పీయూ (పాలీయురిథేన్) పెయింటు కొట్టేటప్పుడు ముక్కుకు దస్తి కట్టుకుంటె దాని విషం ఏం ఆగది.

బాత్రూం యాసిడ్ పోసి జంగు తీస్తం అనేటోళ్లున్నరు. స్ప్రింగులకు, గట్టి బోల్టులకు అది పోస్తె పైకి మెరుస్తయ్, లోపట పెళుసైతయ్, తర్వాత రోడ్డు మీద ఇరుగుతయ్.

గ్రైండర్ గార్డు పీకెయ్యకుండ్రి. కట్టె కోసే బ్లేడ్ దానికి ఎక్కియ్యకుండ్రి.

రెండు రన్నింగ్ బోర్డులు ఒక్కసారి కొయ్యకుండ్రి, బాడీ వంగుతది, తర్వాత జన్మల డోరు పడది. డోర్ సందుకు అడ్డంగ పైపు వెల్డ్ చేసి, ఒక దిక్కు అయినంక ఇంకో దిక్కు.

ఫైర్‌వాల్ (ఇంజన్‌కు, సీట్లకు నడుమ ఉండే రేకు గోడ) మీద కొట్టి ఉన్న ఛాసిస్ నంబర్ జోలికి గ్రైండర్ పోవద్దు, ఆర్టీవో కాడ ఎవలకు సమజ్ చెయ్యలేరు.

వాన పడుతుంటె తడి వాకిట్ల వెల్డింగ్ మిషన్ ఆన్ చెయ్యకుండ్రి, ఎర్తింగ్ లేని రెండు పిన్నుల ప్లగ్గుతోని ఎప్పుడు సుత చెయ్యకుండ్రి.

మళ్ల చెప్తున్న, ఒక్క జాకీ మీదున్న బండి కిందికి దూరకుండ్రి. నట్టు పడ్డా వద్దు. ఫోన్ పడ్డా వద్దు. చెయ్యి ఒక్కటే పెడత అంటె గదీ వద్దు, నేను భుజమే పెట్టిన.

మా కాడ మూడు టన్నుల స్టాండ్లు ఒక జత ఖాళీగనే ఉన్నయ్. హన్మకొండ, కాజీపేట దిక్కు ఎవలకన్న కావాల్నంటె తీస్కపోండ్రి, కిరాయి ఏం వద్దు. తిరిగి తెచ్చియ్యండ్రి గని, ఇంకో జత తీస్కపోయినోడు దసరాకు ఇస్త అన్నడు, ఏ దసరానో చెప్పలే.